పాలమీద పడ్డ మాట

పర్శరాములు గొంతులో ముద్ద దిగడం లేదన్న సంగతి ఊళ్లో అందరికంటే ఆఖరున తెలిసింది అతని అక్క లింగవ్వకే. రెండు వాడల అవతల ఉండే తమ్ముడి బాధ ఆమెకు తెలియక కాదు, తెలియనివ్వలేదు. ఎందుకు తెలియనివ్వలేదో ఆషాఢంలో ఒక పొద్దున, తమ్ముడి ఇంటి ముందరి గద్దె మీద ముందురోజు తాను పెట్టిపోయిన పాలచెంబు మూత కూడా తీయకుండా అలాగే కనిపించినప్పుడు గానీ ఆమెకు అర్థం కాలేదు. పాలు విరిగిపోయాయి. చెంబు చుట్టూ చీమలు పట్టాయి.

మంథనికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో, గోదావరికి దగ్గరగా ఉంటుంది ఆ ఊరు. లింగవ్వకు యాభై ఒకటి. మొగుడు మోటరు దగ్గర కరెంటు తగిలి చనిపోయి పదిహేనేళ్లయింది. పిల్లలు లేరు. ఎకరం పొలం, రెండు బర్రెలు, వాటి వెంట ఒక దుడ్డె, అదే ఆమె సంసారం. పొద్దున్నే పాలు పిండి, పాలకేంద్రంలో పోసే ముందు ఒక చెంబు పక్కకు తీసి తమ్ముడి ఇంట్లో ఇచ్చి రావడం ఆమెకు పూజలాంటిది.

తల్లి పోయేనాటికి పర్శరాములుకు నాలుగేళ్లు. అప్పటికి లింగవ్వ పెళ్లయి ఈ ఊళ్లో కాపురం చేస్తోంది. పిల్లవాణ్ని తెచ్చుకుని తానే పెంచింది. వాడు బక్కపీచు. చలికాలం వస్తే చాలు, రొమ్ములో పిల్లికూతలు. మోచేతుల మడతల్లో దురద, గోకి గోకి పుళ్లు చేసుకునేవాడు. పాలగ్లాసు చూస్తే మొహం తిప్పేవాడు, తాగినా సగం కక్కేవాడు. పాలు తాగకపోతే ఈ పిల్లవాడు ఎట్లా బతుకుతాడని ఆమెకు గుబులు. ముక్కు మూసి, తల ఒళ్లో పెట్టుకుని పోసేది. ఆ పిల్లవాడు పెరిగాడు. ఆయాసం తగ్గింది, ఒడ్డూ పొడుగూ వచ్చాయి. తిండి దగ్గర మాత్రం తీరుబడి మనిషే. ముద్ద చిన్నగా చేసుకుంటాడు, ముద్దకొక గుక్క నీళ్లు తాగుతాడు. మాంసం ముక్కను పోగులు పోగులుగా చీల్చుకుంటాడు. అది అతని అలవాటని అందరూ అనుకున్నారు, అతను కూడా అట్లాగే అనుకున్నాడు.

మస్కట్‌లో ఆరేళ్లు పనిచేసి హోలీ ముందర ఇంటికి వచ్చాడు. పాలచెంబు రావడం మళ్లీ మొదలైంది. పొద్దునా సాయంత్రం పాలు పోసిన చాయ, రెండు పూటలా గడ్డపెరుగు. ఆరేళ్ల తర్వాత వచ్చిన తమ్ముడు కదా, లింగవ్వ చెంబు నిండా పోసేది. మూడు నెలలు తిరగక ముందే అతనికి అన్నం రొమ్ముల మధ్య ఆగిపోవడం మొదలైంది. తింటూ తింటూ లేచి పెరట్లోకి పోయేవాడు, గోడకు చెయ్యి ఆనించి నిలబడేవాడు, కళ్లలో నీళ్లు తిరిగేవి. ఒక్కోసారి దిగేది, ఒక్కోసారి పైకి వచ్చేది. ఈ సంగతి అతని భార్య స్వరూప తన తల్లికి చెప్పింది. తల్లి కమలవ్వ మర్నాడే పెద్దపల్లి వైపు నుంచి బస్సెక్కి వచ్చి కూతురి ఇంట్లో మకాం పెట్టింది.

విరిగిన పాలచెంబు చేతిలో పట్టుకుని లింగవ్వ గడపలో నిలబడింది. నిన్నటి పాలు అట్లాగే ఉన్నాయేమిటని అడిగింది. స్వరూప తల ఎత్తలేదు.

"ఇగ పాలు తేకు వదినె," అంది.

ఎందుకని లింగవ్వ రెండోసారి అడిగేసరికి కమలవ్వ బయటికి వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడింది. ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే లింగవ్వకు అంత భయం వేసేది కాదు.

"మా అల్లుడు మస్కట్ల ఆరేండ్లు గుండు లెక్క ఉన్నడు. ఇంటికొచ్చి నీ పాలు తాగవట్టినంకనే గొంతు బందైంది. నేను గింతకన్న ఇప్పి చెప్పాల్నా లింగవ్వా?"

ఇంటికి ఎట్లా వచ్చిందో ఆమెకు తెలియదు. మిగతా సంగతంతా పాలకేంద్రం నడిపే హనుమండ్లు చెప్పాడు. అతను లింగవ్వ మొగుడికి దూరపు తమ్ముడు, మాట దాచుకునే మనిషి కాదు. పదిహేను రోజుల కింద పర్శరాములును గోదావరి అవతలి ఒడ్డున ఉన్న ఒక నాటు వైద్యుడి దగ్గరికి తీసుకుపోయారట. ఆ వైద్యుడు మందు కక్కించడంలో పేరున్నవాడు. గిట్టనివాళ్లకో, వశం చేసుకోవాలనుకున్నవాళ్లకో తిండిలో ఏదో కలిపి పెడతారని, అది లోపల పేరుకుని మనిషిని ఎండగడుతుందని ఆ చుట్టుపక్కల ఒక నమ్మకం. దాన్నే 'మందు పెట్టడం' అంటారు. వైద్యుడు చెంబెడు పసరు తాగించాడు. పర్శరాములు వాంతి చేసుకున్నాడు. అందులోంచి వైద్యుడు నల్లటి ఉండ ఒకటి తీసి ఆకు మీద పెట్టి చూపించాడు. పెట్టింది ఆడమనిషి, రక్తసంబంధం, తెల్లటి దాంట్లో కలిపి పెట్టింది అని మూడు మాటలు చెప్పాడు. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది. తమ్ముడు మళ్లీ మస్కట్ పోకుండా తన కొంగుకు కట్టేసుకోవాలనే పిల్లలు లేని అక్క ఈ పని చేసిందని కమలవ్వ కథ పూర్తి చేసింది.

లింగవ్వ ఆ రోజు బర్రెల కొట్టంలోనే కూర్చుండిపోయింది. ఇట్లాంటి మాట మీద పడ్డ ఆడదాని గతి ఏమవుతుందో ఆమెకు తెలుసు. చిన్నప్పుడు తల్లిగారి ఊళ్లో ఒక మంత్రసాని మీద ఇదే మాట పడింది. మొదట ఎవరూ ఏమీ అనలేదు. ఆమె వస్తుంటే పిల్లలను లోపలికి పిలుచుకున్నారంతే. తర్వాత ఒకరోజు ఆమె ఇంటి ముందు పదిమంది మగవాళ్లు నిలబడ్డారు. ఆమెను మళ్లీ ఎవరూ ఆ ఊళ్లో చూడలేదు. ఇప్పుడు లింగవ్వ పాలు పోయడానికి కేంద్రానికి పోతే ముందున్న యాదవ్వ కొంగు దగ్గరికి లాక్కుని జరిగి నిలబడింది.

ఆ ఆదివారం నాట్లు అయిపోయాయని పర్శరాములు ఇంట్లో మేకను కోసి యాటకూర వండారు. లింగవ్వను పిలవలేదు. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఆమె పొలంగట్టు మీద గడ్డి కోస్తుంటే కబురు వచ్చింది. పర్శరాములుకు ముక్క అడ్డం పడిందట, గంటసేపటి నుంచి ఉమ్మి కూడా మింగలేకపోతున్నాడట, ఆటోలో మళ్లీ ఆ వైద్యుడి దగ్గరికే తీసుకుపోతున్నారట.

కొడవలి గట్టు మీదే పడేసి ఆమె పొలాలకు అడ్డంపడి పరుగెత్తింది. రోడ్డెక్కేసరికి ఆటో ఎదురుగా వస్తోంది. ఆమె రోడ్డు నడిమధ్యన నిలబడింది. ఆటో నడిపే మల్లేష్ బ్రేకు వేశాడు.

లోపల పర్శరాములు ముందుకు వంగి కూర్చున్నాడు. ఒళ్లో తువ్వాల, దాని నిండా నురగలాంటి ఉమ్మి. ఊపిరి ఆడుతోంది గానీ మాట రావడం లేదు. మొహం పాలిపోయింది. చేత్తో రొమ్ము నడుమ ఒక చోట మాటిమాటికీ ఒత్తుకుంటున్నాడు. ఒక పక్క స్వరూప, ఒక పక్క కమలవ్వ. కమలవ్వ చేతిలో సీసా ఉంది, దాంట్లో ఆకుపచ్చటి పసరు. వైద్యుడు పోయినసారే ఇచ్చి, అవసరమైతే దారిలోనే తాగించమన్నాడు.

ఆ నురగ చూడగానే లింగవ్వకు రెండేళ్ల కింద తన పెద్దబర్రె మామిడి టెంక మింగిన రోజు గుర్తొచ్చింది. అప్పుడూ ఇట్లాగే నోట్లోంచి తీగలు తీగలుగా కారింది. నూనె పోస్తే జారిపోతుందని ఆమె గిన్నె పట్టుకుని వస్తే పశువుల డాక్టరు చెయ్యి పట్టుకుని ఆపాడు. గొంతు మూసుకుపోయినప్పుడు పైనుంచి ఏం పోసినా దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతుందని, దాంతోనే చస్తుందని తిట్టాడు.

ఆమె ఆటోలోకి వంగి కమలవ్వ చేతిలోని సీసా లాక్కుని రోడ్డు పక్క మడిలోకి విసిరేసింది.

"దూరం జరుగు," అంది కమలవ్వ. "నువ్వు వెట్టింది కక్కితె బయటవడుతవని నీకు భయం."

"నన్ను తర్వాత ఏమన్న జెయ్యుండ్రి. కట్టేస్తె కట్టేయుండ్రి," అంది లింగవ్వ. "గొంతుల అడ్డం వడ్డప్పుడు పైకెల్లి ఏం పొయ్యొద్దు. బర్రెకే పొయ్యొద్దన్నరు, మనిషికి పోస్తరా? మంథని దవాఖానకు దియ్యి మల్లేషూ."

మల్లేష్ ఎటూ తేల్చుకోలేక అద్దంలోంచి వెనక్కి చూశాడు. స్వరూప తల్లి మొహం చూసింది, తర్వాత మొగుడి మొహం చూసింది. పర్శరాములు తువ్వాల వదిలి, చెయ్యి బయటికి చాచి అక్క మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకుని లోపలికి లాగాడు. మల్లేష్ ఆటోను మంథని వైపు తిప్పాడు.

మంథనిలో సర్కారు దవాఖాన డాక్టరు గొంతు చూసి, సెలైన్ పెట్టి, నోట్లోంచి గొట్టం వేసి తీయాలి, ఆ పని ఇక్కడ కాదు, ఆలస్యం చేయకుండా కరీంనగర్ తీసుకుపొమ్మన్నాడు. అంబులెన్సులో ఇద్దరికే చోటు. కమలవ్వ కిందే ఉండిపోయింది. అది లింగవ్వ జీవితంలోకెల్లా పొడుగైన ప్రయాణం. పర్శరాములును పడుకోబెడితే ఉమ్మి గొంతుకు అడ్డం పడుతోంది, కూర్చోబెట్టి వెనక నుంచి పట్టుకోవాలి. పెద్దపల్లి దాటేదాకా లింగవ్వ పట్టుకుంది, తర్వాత స్వరూప పట్టుకుంది. ఒకరి చేతిలోంచి ఒకరు మనిషిని మార్చుకుంటున్నారు తప్ప ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. సుల్తానాబాద్ దగ్గర అతనికి దగ్గు తెర వచ్చింది. మనిషి నీలంగా మారాడు. అంబులెన్సు పిల్లవాడు నోట్లో ఉమ్మిని మిషనుతో లాగేశాడు. స్వరూప కళ్లు మూసుకుని అతని వీపు నిమురుతూనే ఉంది.

కరీంనగర్ ఆస్పత్రిలో డాక్టర్ వినోద అనే ఆమె చూసింది. నలభై లోపు వయసు, తక్కువ మాట్లాడుతుంది. అరగంటలో లోపలికి తీసుకున్నారు. బయట బెంచీ మీద ఈ చివర లింగవ్వ, ఆ చివర స్వరూప. గోడ గడియారంలో ముల్లు ఆరు దాటింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి లేచి నిలబడుతున్నారు. మూడోసారికి డాక్టరే బయటికి వచ్చింది.

ముక్క తీసేశామని చెప్పింది. రేగిగింజంత కూడా లేదట అది. అంత చిన్న ముక్క ఆరోగ్యంగా ఉన్న అన్నవాహికలో ఆగే పని లేదని, ఇతనికి ఆ గొట్టం సన్నబడిపోయి, లోపలంతా గాజులు పేర్చినట్టు మడతలు పడిందని చెప్పింది. నాలుగు చోట్ల కొంచెం కొంచెం కండ తీసి పరీక్షకు పంపానంది. దారిలో ఏమైనా తాగించారా అని అడిగింది. స్వరూప మెల్లగా పసరు సంగతి, పోయినసారి కక్కించిన సంగతి చెప్పింది.

"ఇయ్యాల తాగియ్యలేదు గద?"

లేదంది స్వరూప.

"మంచిదైంది. ముక్క గట్టిగ బిగుసుకున్నప్పుడు బలవంతంగ కక్కిపిస్తే అన్నవాహిక చినిగిపోయే ప్రమాదం ఉంటది. అప్పుడు నా చేతుల కూడ ఉండకపోయేది."

కాసేపటికి స్వరూప బెంచీ ఆ చివరి నుంచి లేచి వచ్చి లింగవ్వ పక్కన కూర్చుంది. క్యాన్సరేమో అన్న మాట ఇద్దరి నాలుకల మీదా ఉంది. డాక్టరును అడిగే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. రిపోర్టుకు ఎనిమిది రోజులు పడుతుందన్నారు.

ఆ ఎనిమిది రోజులు పర్శరాములు గంజీ, మెత్తగా పిసికిన పప్పన్నమే తాగినట్టు తిన్నాడు. రోజూ పొద్దున అద్దం ముందు నోరు తెరిచి లోపల ఏం కనిపిస్తుందోనని చూసుకునేవాడు. లింగవ్వ ఇంటికి ఎవరూ రావడం లేదు. కేంద్రంలో ఆమె పాలు కలిస్తే మేము పోయమని ఇద్దరు ముగ్గురు అడ్డం తిరిగారు. హనుమండ్లు చేతులు నలుపుకుంటూ వచ్చి నాలుగు రోజులు ఆగమన్నాడు. పిండిన పాలు ఏం చెయ్యాలో తెలియక ఆమె దుడ్డెను తల్లి పొదుగు దగ్గర వదిలేసింది. మిగిలినవి తోడేసింది, చిలికింది, ఆ వెన్న కొనేవాళ్లు కూడా లేరు. పొద్దున ఒకరోజు కొట్టం తలుపు మీద పసుపు రాసి, నిమ్మకాయ కోసి పెట్టి ఉంది. ఆమె దాన్ని చీపురుతో ఊడ్చేసింది. ఊడ్చాక బర్రెల గాడి అంచు మీద కూర్చుంది.

ఎనిమిదో రోజు ముగ్గురూ కరీంనగర్ పోయారు. రానని మొదట లింగవ్వ అంది. పర్శరాములే వచ్చి బయల్దేరదీశాడు.

డాక్టర్ వినోద కాగితాలు తిరగేసి, క్యాన్సర్ కాదు అని ముందు ఆ మాటే చెప్పింది. తర్వాత డాక్టరు ప్రశ్నలు మొదలుపెట్టింది. చిన్నప్పుడు ఆయాసం ఉండేదా? చర్మం మీద దురద ఉండేదా? తిండి మెల్లగా తినడం ఎప్పటినుంచి? జవాబులు పర్శరాములుకంటే లింగవ్వ దగ్గరే ఉన్నాయి. మస్కట్‌లో ఏం తినేవాడివని అడిగితే క్యాంపులో అన్నం, పప్పు, కోడికూర అన్నాడు. చాయ? నల్ల చాయేనన్నాడు, పాలు పోసింది కాదు. పెరుగు? లేదన్నాడు. డాక్టరు కలం పక్కన పెట్టింది.

"దీన్ని ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అంటరు. పేరు పెద్దది, సంగతి మాత్రం అలర్జీయే. మన రక్తంల కొన్ని తెల్లకణాలు ఉంటయి. ఒంటికి పడని తిండి లోపలికి పోతే అవి అన్నవాహికల జమైతయి. జమై, దాన్ని వాపు చేస్తయి. ఏండ్లకేండ్లు వాచి వాచి గొట్టం గట్టిపడి సన్నగైతది. నీకు చిన్నప్పటి నుంచే మెల్లమెల్లగ అయితున్నది. నువ్వు నీళ్లు తాగుకుంట నెట్టుకొచ్చినవు."

ఏ తిండి పడదో రక్తపరీక్షలో తెలుస్తుందా అని స్వరూప అడిగింది. ఈ జబ్బులో ఆ పరీక్షలు నమ్మకంగా చెప్పవని, అనుమానం ఉన్న తిండిని మానేసి, మళ్లీ గొట్టం వేసి చూడడమే దారని డాక్టరు చెప్పింది. కొందరికి గోధుమ, కొందరికి గుడ్డు, ఎక్కువ మందికి పాలు. ఇతని కథ వింటే తనకు పాల మీదే అనుమానమంది.

లింగవ్వ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

"నేను పోసిన పాలల్ల ఏమన్న ఉన్నదా డాక్టరమ్మా?" అని అడిగింది చివరికి.

డాక్టరు ఆమె వైపు చూసింది. ఏదో అర్థమైనట్టుంది.

"పాలల్ల ఏం లేదమ్మా. గవే పాలు ఊరంత తాగుతున్నది గద. నీ బర్రె పాలైనా, ప్యాకెట్ పాలైనా, ఎవరు పోసినా ఈయనకు పడయి. తప్పు పాలది గాదు, పోసినోళ్లది గాదు. ఈయన ఒళ్లే గట్ల."

రెండు నెలలు పాలు, పెరుగు, చల్ల, నెయ్యి, పాలపొడి కలిసిన బిస్కెట్లు, మిఠాయిలు ముట్టొద్దని, తగ్గకపోతే వాపు తగ్గించే మందులు ఉన్నాయని చెప్పి పంపింది.

బస్సులో లింగవ్వ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నింద పోయిందన్న సంతోషం ఆమెకు రాలేదు. ముక్కు మూసి పాలు పోసిన పిల్లవాడి మొహమే కళ్లముందు ఆడుతోంది. పర్శరాములు అడిగితే ఒక్కటే అంది, "కక్కుతుంటె గూడ పోస్తి గదరా తమ్మీ."

"నీకేం ఎరుక అక్కా. గప్పుడు డాక్టర్లకే ఎరుక లేదేమో," అన్నాడు అతను. ఆమెకు అది ఓదార్పు అనిపించలేదు.

అసలు పరేషానీ ఊళ్లోకి వచ్చాక మొదలైంది. స్వరూప తల్లికి విషయమంతా చెప్పింది. కమలవ్వ అంతా విని ఒక్క ముక్కే పట్టుకుంది. సాయంత్రానికి ఆ ముక్క ఊరంతా తిరిగింది. పెద్ద డాక్టరు కూడా పాలతోనే అయిందని చెప్పిందట. నది అవతలాయన చెప్పిన తెల్లటి పదార్థం అదేనట. మిషన్లలో కూడా దొరికిందట. రెండో రోజు కులపెద్ద కొమురెల్లి మనిషిని పంపాడు, గురువారం పంచాయితీ, లింగవ్వ రావాలని. పిలుపు తెచ్చినవాడు గడప తొక్కకుండా రోడ్డు మీదనుంచే చెప్పి పోయాడు. లింగవ్వ పెట్టెలోంచి రెండు చీరలు తీసి సంచిలో పెట్టుకుంది. ఎక్కడికి పోవాలో ఆమెకే తెలియదు. బర్రెలను ఎవరికి అప్పజెప్పాలన్న దగ్గర ఆలోచన ఆగిపోయింది.

గురువారం పొద్దున పాలకేంద్రం దగ్గర ముప్పై మంది దాకా క్యాన్లు, చెంబులు పట్టుకుని వరుసలో ఉన్నారు. కొమురెల్లి కూడా ఉన్నాడు, అతనికీ బర్రెలున్నాయి. పర్శరాములు అక్క ఇంటికి పోయి పాలక్యాను తానే ఎత్తుకుని, ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు. వెనక స్వరూప. వరుస అటూ ఇటూ చీలిపోయింది. అతను క్యాను గద్దె మీద పెట్టాడు. పది రోజులకు పైగా సరైన తిండి లేక అతని గొంతు సన్నబడిపోయింది, వినడానికి అందరూ నిశ్శబ్దమయ్యారు.

"నా గొంతుల ఉన్నది మందు గాదు. పసితనం నుంచి పాలు నా ఒంటికి పడయి. మా అక్క పాలే గాదు, గీ వరుసల ఎవ్వలి పాలు తాగినా నాకు గంతే. మస్కట్ల పాలు ముట్టలే, గందుకే మంచిగున్న. మా అక్క రోడ్డుకు అడ్డం నిలవడకపోతే నేను గా ఆదివారమే పోదును."

కొమురెల్లి తల అడ్డంగా ఊపాడు. "మందు వడ్డోడు వెట్టినోళ్ల మాటనే మాట్లాడుతడు పర్శరాములూ. నువ్వు చెప్తె నమ్మేదెట్ల?"

అతను ఏం చెప్పినా అది ఆ మాటకే సాక్ష్యమవుతుంది. వరుసలో గుసగుస మొదలైంది. ఎవరో వెనక నుంచి ఒక అడుగు ముందుకు వేశారు. లింగవ్వ తమ్ముడి చెయ్యి పట్టుకుని, పోదాం పా అని లాగింది.

అప్పుడు స్వరూప ముందుకు వచ్చింది. నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు ఆమె. హనుమండ్లు ముందున్న కొలత లోటా తీసుకుని లింగవ్వ క్యానులో ముంచింది. పచ్చిపాలు, నురగ ఇంకా అణగలేదు. అందరూ చూస్తుండగా నిలబడి లోటా ఖాళీ అయ్యేదాకా తాగింది. మూతి తుడుచుకుంది.

"మందుంటె నాక్కూడ పట్టాలె," అంది. "నెల రోజులు రోజూ ఈన్నే వచ్చి తాగుత. నాకేమన్న అయితె గప్పుడు వెట్టుండ్రి పంచాయితి."

కొమురెల్లి వరుసలో తన చోటికి వెనక్కి జరిగాడు. హనుమండ్లు లింగవ్వ క్యాను అందుకుని, పాలను పెద్ద డబ్బాలో పోశాడు. ఇద్దరు ఆడవాళ్లు తమ చెంబులు తీసుకుని వెళ్లిపోయారు. మిగతావాళ్లు వెళ్లలేదు. ఆ రోజు పంచాయితీ కూర్చోలేదు, తర్వాతా కూర్చోలేదు.

స్వరూప మాట తప్పలేదు. వాన పడినా గొడుగేసుకుని వచ్చి తాగి పోయింది. మొదట్లో చూడడానికే జనం పోగయ్యేవారు. పది రోజులకు చూడడం మానేశారు. వెళ్లిపోయిన ఇద్దరిలో ఒకామె తిరిగి వచ్చింది, ఇంకొకామె రాలేదు.

పర్శరాములుకు అంత సులువుగా ఏమీ కాలేదు. నెల తిరిగేసరికి అన్నం దిగడం తెలిసింది. ఒక చుట్టాల ఇంట్లో మొహమాటానికి పాలచాయ తాగి, రెండు రోజులు పెరుగు కలిపి వండిన బిర్యానీ తిన్నాడు, పాయసం తిన్నాడు. వారంలో మళ్లీ రొమ్ము నడుమ పట్టేసింది. రెండు నెలల గడువు అక్కడినుంచి మళ్లీ లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది. అక్టోబరు చివర రెండోసారి గొట్టం వేశారు. అంతకుముందు ఒక్క చోటే అరవైకి పైగా కనిపించిన కణాలు నాలుగైదుకు తగ్గాయని, మడతలు కూడా సగం పోయాయని డాక్టరు చూపించింది. జబ్బు పోలేదని, పాలు ముడితే మళ్లీ వస్తుందని, ఏడాదికోసారి వచ్చి చూపించుకోవాలని చెప్పింది. మస్కట్ వీసా గడువు అప్పటికే అయిపోయింది. అతను ఊళ్లోనే వరికోత మిషను నడపడం పట్టుకున్నాడు.

కోతల కాలంలో కమలవ్వ మళ్లీ కూతురి ఇంటికి వచ్చింది. జరిగినదాని గురించి ఆమె ఎవరితోనూ ఎత్తలేదు, ఎవరూ ఆమెతో ఎత్తలేదు. ఒక మధ్యాహ్నం ఎండలో నడిచి లింగవ్వ ఇంటికి వచ్చి గద్దె మీద కూర్చుంది. అల్లుడి కోసం కూతురి ఇంట్లో ఇప్పుడు పెరుగు తోడెయ్యడం లేదు. నోరు చేదుగా ఉందని, ఇంత పెరుగన్నం ఉంటే పెట్టమని అడిగింది. అడిగేటప్పుడు లింగవ్వ మొహం వైపు చూడలేదు.

లింగవ్వ లోపలికి పోయి పెరుగు కుండ, అన్నం, రెండు పళ్లేలు తెచ్చి ముందు పెట్టింది. గరిటెతో పెరుగు తీసి మొదట తన పళ్లెంలో వేసుకుంది. అన్నం కలిపి, కమలవ్వ చూస్తుండగా రెండు ముద్దలు తిని మింగింది. తర్వాతే ఆమె పళ్లెంలో వడ్డించింది.

కమలవ్వ మొహం కిందికి వాలింది. "గట్ల జెయ్యకు లింగవ్వా," అంది.

"తిను అత్తా," అంది లింగవ్వ. "ఇగ నేను గిట్లనే వెడుత, ఎవలకైనా."

కమలవ్వ కలుపుకుని తినడం మొదలుపెట్టింది. లింగవ్వ కూడా తన పళ్లెంలో మిగిలింది తింది.